ఒట్టు వేయించుకున్న ఓటు

సంపాదకుల వారికి నమస్కారం.

ఆగస్టు 15 ప్రత్యేక పేజీలో అసలైన స్వేచ్ఛ గురించి మీరు వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. రాసినవారెవరో గానీ బాగా చదువుకున్నవారు, భాష కూడా బావుంది. చట్టాలు ఇచ్చే హక్కులన్నీ పైపై స్వేచ్ఛేనట, కోరికలను జయించి మనసును విడిపించుకోవడమే నిజమైన స్వేచ్ఛట, అది వచ్చినవాడికి జైలైనా మహలైనా ఒకటేనట. చదవగానే నాకు అనిపించింది, ఈయనకు ఇంట్లో ఒక సొంత గది, తన పేరున ఒక బ్యాంకు ఖాతా, తాళం వేసుకునే ఒక బీరువా కచ్చితంగా ఉండి ఉంటాయని. తప్పుగా అనుకోవద్దు. వదులుకోవడం గురించి మాట్లాడాలంటే ముందు తనదంటూ ఏదో ఒకటి ఉండాలి కదా.

నేను శ్రీకాకుళం జిల్లాలో, ఎచ్చెర్ల వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. చేరినప్పుడు మమ్మల్ని ఈడీ, అంటే ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్, అనేవారు, తర్వాత గ్రామీణ డాక్ సేవక్ అన్నారు. పేరు ఎన్నిసార్లు మారినా ఆఫీసు మాత్రం మా ఇంటి వీధిగదే. ఒక బల్ల, తూకం, తేదీ ముద్ర, ఇనప్పెట్టె. ఊళ్ళో అందరికీ నేను ‘పోస్టమ్మ’నే. నా పేరూ ఊరిపేరూ వేయవద్దని మనవి, ఎందుకంటే ఇందులో రాసేవి సగం ఇతరుల సంగతులు.

ఆ గదిలో కూర్చుని నాకు అర్థమైంది ఒక్కటే. మనిషికి ఎవరూ తొంగిచూడని చోటు కాస్తయినా ఉండాలి. డబ్బు విషయంలో, మాట విషయంలో, ఓటు విషయంలో, దేవుడి విషయంలో. ఆ చోటు లేనివాళ్ళకు స్వేచ్ఛ గురించి ఎంత చెప్పినా అది వాళ్ళ చెవికి ఎక్కదు. వ్యాసకర్తగారు వ్యక్తిగతం, ఆధ్యాత్మికం, రాజకీయం అని మూడు మెట్లు కట్టి, ఆధ్యాత్మికాన్ని పై మెట్టు మీద కూర్చోబెట్టారు. మా వీధిలో ఆ మూడూ ఒకేచోట ముడిపడి ఉన్నాయి. ఎలాగో చెబుతాను.

మొదట డబ్బు సంగతి. ఎనభైల్లో మా ఆఫీసులో నెలకు పది రూపాయల ఆర్డీ (నెలనెలా దాచుకునే పొదుపు ఖాతా) కట్టేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చేపల బుట్ట అరుగు మీద దించి, కొంగుముడి విప్పి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవారు. నోట్లకు ఉప్పుచేపల వాసన. సాయంత్రం ఆ డబ్బు లెక్కకట్టి ఇనప్పెట్టెలో పెట్టాక నా చేతులకూ అదే వాసన. పాసుబుక్కు వాళ్ళే పట్టుకెళ్ళాలి, రూలు అది. ఒకామె దాన్ని పైడితల్లమ్మ పటం వెనక పెట్టేది. మొగుడు ఇల్లంతా వెతికినా ఆ పటం మీద మాత్రం చెయ్యి వేయడని ఆమె ధైర్యం.

ఎవరు చెప్పారో గానీ ఆయనకు తెలిసిపోయింది. ఒకరోజు ఆఫీసు తీయగానే వచ్చాడు. రాత్రి తాగింది ఇంకా దిగలేదు.

“మా ఆడది నీకాడ డబ్బులు దాస్తందంట గదా. ఎంతుందేటి?”

చెప్పకూడదన్నాను.

“మొగుడికి సెప్పకపోతే ఇంకెవులికి సెప్తావు?”

“ఎవులికీ సెప్పను. కలెక్టరొచ్చినా సెప్పను. రూలు.”

కోర్టు నుంచి కాగితం వస్తే చెప్పాల్సి రావచ్చు. ఆ సంగతి ఆయనకెందుకు? కాసేపు అరుగు మీద కూర్చుని, నన్నూ పోస్టాఫీసునూ నాలుగు తిట్టి వెళ్ళిపోయాడు. ఆయనను ఆపింది నేను కాదు, నా వెనక ఉన్న ఆ రూలు. పైపైది అని వ్యాసకర్తగారు తేలిగ్గా తీసేసింది ఇలాంటి రూళ్ళనే.

ఐదేళ్ళకు ఆర్డీ ముగిసింది. ఆ డబ్బుతో ఆమె ఏం గొప్ప పని చేసిందని అడగకండి. తమ్ముడి పెళ్ళిలో తన చేత్తో తాను చదివింపు ఇచ్చింది. అంతే. ఎవరినీ అడక్కుండా, ఎంత ఇవ్వాలో తానే అనుకుని ఇచ్చింది. పెళ్ళి నుంచి వచ్చాక ఆఫీసుకు వచ్చి నాకు రెండు లడ్లు ఇచ్చి, మళ్ళీ కొత్త ఆర్డీ తెరవమంది.

ఇప్పుడు ప్రతి ఆడమనిషికీ ఖాతా ఉంది, ప్రభుత్వం డబ్బు అందులోనే పడుతుంది. మంచిదే. కానీ ఆ ఖాతాకు ఇచ్చిన ఫోన్ నంబరు ఎవరిది? మొగుడిది, లేకపోతే కొడుకుది. ఆమె ఐదొందలు తీస్తే ఇంటికి చేరేలోపే మెసేజ్ ఆయనకు అందుతుంది. ఖాతా ఆమెది, కబురు ఆయనది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. పటం వెనక పాసుబుక్కు దాచిన మనిషికి ఆ తీర్పును ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇక మాట సంగతి. మా వైపు మొగవాళ్ళు సీజనుకు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. ఫోన్లు లేని రోజుల్లో అక్కణ్ణుంచి ఇన్‌లాండ్ లెటర్లు వచ్చేవి. బోటులో చదువొచ్చినవాడు ఒకడుంటే అతనే అందరికీ రాసిపెట్టేవాడు. ఇక్కడ చదివిపెట్టేది నేను. మధ్యలో ఇద్దరు మనుషులుంటే మొగుడూ పెళ్ళాం ఏం మాట్లాడుకుంటారు? ‘అందరం క్షేమం, పిల్లల్ని బడికి పంపు, వడ్డీ కట్టు, మీ అమ్మ కాలు ఎలా ఉంది.’ ఏ ఇంటి ఉత్తరం తీసినా ఇంచుమించు ఇదే. చదివి వినిపిస్తున్నంతసేపూ ఆ ఆడవాళ్ళు నా మొహంలోకి చూసేవారు, ఇంకేమైనా రాశాడా, ఈవిడ దాస్తోందా అన్నట్టు.

తొంభైల్లో అక్షరాస్యత రాత్రిబడులు వచ్చాయి. సగంమంది నిద్రపోయేవారు, ఉన్నమాట చెప్పాలి. పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్ళు మరేం చేస్తారు. కానీ ఒకామె పట్టుదలగా నేర్చుకుంది. ఒకనాడు ఇన్‌లాండ్ కొనుక్కుని వెళ్ళి రెండు రోజులకు తిరిగి తెచ్చింది. అప్పటికే అంటించేసి ఉంది. అన్నం మెతుకులతో అంటించినట్టుంది, అంచులన్నీ ఉబ్బెత్తుగా ఉన్నాయి. అడ్రసు ఒక్కటీ సరిచూడమంది. “ఏటి రాసావే లోపల?” అన్నాను మామూలు అలవాటు కొద్దీ. నవ్వి, “అది నీక్కాదు పోస్టమ్మా” అంది. తేదీ ముద్ర ఆ రోజు కాస్త గట్టిగానే వేశాను.

ఉత్తరం తెరిచి చూసే అధికారం ప్రభుత్వానికి ఎంత ఉండాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. 1986లో పార్లమెంటు పోస్టాఫీసు చట్టానికి ఒక సవరణ బిల్లును ఆమోదించింది. ఉత్తరాలను ఆపి చూసే అధికారాన్ని అందులో పెంచారు. రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దాని మీద సంతకం చేయలేదు. ఆ బిల్లు చట్టం కాకుండానే పోయింది. 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చి 1898 నాటి పాతదాన్ని తీసేసింది. కొత్తదాంట్లో 9వ సెక్షన్ కింద దేశ భద్రత, ప్రజా భద్రత వంటి కారణాలతో ఉత్తరాలనూ పార్సిళ్ళనూ ఆపి తెరిచే అధికారం ఉంది. అప్పుడు మా వైపు దాని గురించి మాట్లాడినవాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. ఉత్తరం రాసేవాళ్ళే కరువైతే ఎవరు మాట్లాడతారు?

వేరావల్ పేరెత్తాను కాబట్టి జైలు సంగతి కూడా రాయాలి. 2018 నవంబరులో అక్కణ్ణుంచి వేటకు వెళ్ళిన మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లను అరేబియా సముద్రంలో పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుని జైల్లో పెట్టారు. 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర మనకు అప్పగించారు. ఏడాది దాటింది. ఆ ఏడాదిలో ఆ ఇళ్ళకు వెళ్ళి, జైలైనా మహలైనా ఒకటేనమ్మా అని చెప్పగలరా ఎవరైనా? “వాళ్ళ ఇష్టంతోనే కదా అంత దూరం వెళ్ళారు” అన్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. మా జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకూ ఇంత లేదు. ఇంత తీరం పక్కన పెట్టుకుని చేపలు పట్టడానికి గుజరాత్ దాకా పోయేవాడిది ఇష్టమా? చేతిలో అడ్వాన్సు పడ్డాక ఇష్టాయిష్టాల ప్రసక్తే ఉండదు.

మా జిల్లాలోనే, మందస జమీందారీలో 1940లో అడవి కలప కోసం రైతులు తిరగబడ్డప్పుడు గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ చనిపోయింది. ఆమె అడిగింది మోక్షం కాదు, కలప. మీ ప్రత్యేక పేజీలో ఎక్కడెక్కడి వాళ్ళ ఫొటోలో వేశారు, ఈ జిల్లా ఎడిషన్లోనైనా ఆమె పేరు ఒక మూల వేసి ఉండాల్సింది.

అలాగని నేను దేవుణ్ణి నమ్మనిదాన్ని కాదు. రథసప్తమికి అరసవల్లి క్యూలో నిలబడ్డదాన్నే. కోరిక తగ్గితే మనసు తేలికపడుతుందన్న మాట కూడా కాదనను, ఈ వయసులో అది నాకూ కొంత తెలుస్తోంది. మా అత్తగారు రోజూ తులసికోట దగ్గర పెదవి కదపకుండా చాలాసేపు నిలబడేది. ఏం కోరుకున్నావని పిల్లలు అడిగితే “మీకెందుకర్రా, అది నాకూ ఆయనకూ మజ్జెన” అనేది. ఆధ్యాత్మిక స్వేచ్ఛ అంటే నాకు తెలిసింది ఇదే. ఆ మధ్యలోకి మూడోవాడు దూరితే అది భక్తిగా ఉండదు, భయంగా మారుతుంది.

ఆ భయం పోస్టులో కూడా వచ్చేది. మీ పెద్ద పాఠకులకు గుర్తుండే ఉంటుంది, పదిహేను పైసల కార్డుల రోజులు. ఫలానా గుడిలో పాము కనబడి మాట్లాడిందని, ఈ కార్డు అందినవారు పదకొండు మందికి ఇలాగే రాయాలని, రాసినవాడికి లాటరీ తగిలిందని, చించేసినవాడి బిడ్డ పోయిందని రాసి ఉండేది. కింద సంతకం ఉండదు. బట్వాడా చేయకుండా ఆపడానికి నాకు అధికారం లేదు. అలా ఒక కార్డు, పిల్లకు జ్వరంగా ఉన్న ఇంటికి చేరింది. ఆ తల్లికి చదువు రాదు, బడిపిల్లాడొకడు చదివి వినిపించాడు. పరుగెత్తుకు వచ్చి పదకొండు కార్డులు కొంది. రూపాయి అరవై ఐదు పైసలు. అప్పటికి ఇంట్లో మందుకు డబ్బు లేదు. రాయడానికి ఆ పిల్లాడే దొరికాడు గానీ, ఎవరికి పంపాలి? ఆమెకు ఊరి బయట ఒక్క అడ్రసూ తెలియదు. “నీకు తెలిసిన అడ్రసులు సెప్పు తల్లీ” అని నా బల్ల ముందు నిలబడి బతిమాలింది.

అంటే తన ఇంట్లో ఉన్న భయాన్ని తీసి పదకొండు గడపల్లో పెట్టాలి. అమ్మోరు కార్డులు లెక్కపెట్టుకుంటూ కూర్చోదే అని ఎంత చెప్పినా వినలేదు. పీహెచ్‌సీ మాత్రలతో మూడోరోజుకు జ్వరం తగ్గింది. కార్డులతో తగ్గిందని ఊరంతా చెప్పుకున్నారు, ఆ వారం నా దగ్గర కార్డులు అయిపోయాయి. ఇప్పుడదే సరుకు వాట్సాప్‌లో తిరుగుతోంది, పైసా ఖర్చు కూడా లేదు.

ఆ కార్డు కనిపెట్టినవాడు ఎవడో గానీ, వాడి తెలివి ఇప్పుడు ఎన్నికల్లో బాగా పనికొస్తోంది. నేను అసలు ఈ ఉత్తరం మొదలుపెట్టింది ఇది చెప్పడానికే.

క్రిందటి ఎన్నికల ముందు మా వీధికి ఒక పార్టీ మనుషులు వచ్చారు. మర్నాడు ఇంకో పార్టీ వాళ్ళు. ఎవరి పేరూ రాయను, రాయనక్కర్లేదు కూడా, ఇద్దరి పద్ధతీ ఒకటే. కవరు ఇచ్చే ముందు అమ్మవారి పటం తీసి దాని మీద చెయ్యి వేయించి, మా గుర్తుకే వేస్తానని అనిపించుకున్నారు. మా పక్కింటి ముసలమ్మ రెండు రోజులూ చెయ్యి వేసింది. కవర్లు రెండూ కొడుకే తీసుకున్నాడు, ఒట్లు మాత్రం ఆవిడకు మిగిలాయి. ఆ రాత్రి నిద్రపట్టక మా అరుగు మీదకు వచ్చి కూర్చుంది.

“రెండు పటాల మీదా సెయ్యేసినానమ్మా. ఒకులికేస్తే ఇంకో పటంలో అమ్మోరు ఊరుకుంటాదా?”

రెండు పటాల్లోనూ ఉన్నది ఒకే అమ్మవారు. ఆ మాటే చెప్పాను. లోపల నువ్వు ఏ గుర్తు నొక్కావో ఎవరికీ తెలియదని, అట్టల చాటున నువ్వొక్కదానివే ఉంటావని చెప్పాను. “ఆళ్ళకి తెల్దు, సరే. అమ్మోరికి తెల్దా?” అంది. నా దగ్గర జవాబు లేదు. పోలింగు రోజు ఆవిడ ఇంట్లోంచి కదల్లేదు. ఒళ్ళు బాగోలేదని కొడుకుతో చెప్పింది.

ఇక్కడ ఎవరు ఏ స్వేచ్ఛ పోగొట్టుకున్నట్టు? డబ్బు కొడుకు జేబులోకి పోయింది, ఓటు పడకుండా పోయింది, చిన్నప్పటి నుంచి మొక్కుకున్న అమ్మవారిని చూస్తే భయం పట్టుకుంది. ఓటు రహస్యంగా ఉండాలని అంత కష్టపడి అట్టలు కట్టారే, ఆ అట్టల చాటుకు దేవుణ్ణే కాపలాగా పంపించారు వీళ్ళు. మనసును విడిపించుకోమని ఆవిడకు చెప్పి లాభం లేదు. ఆ మనసుకు తాళం వేసినవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి.

పట్టుకోవడానికి చట్టం ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్‌లో ఓటుకు డబ్బివ్వడం అవినీతి అని ఉందని చాలామందికి తెలుసు. అదే సెక్షన్‌లో, దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం, నమ్మించాలని ప్రయత్నించడం కూడా అవినీతి చర్యేనని ఉంది. అది చదివినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. చట్టం రాసినవాళ్ళకు మా పక్కింటి ముసలమ్మ ముందే తెలుసన్నమాట. ఎవరికి ఓటేశావని సాక్షిని కోర్టులో కూడా నిలదీయకూడదని ఆ చట్టంలోనే 94వ సెక్షన్ చెబుతుంది. కోర్టు అడగకూడని మాటను కవరు పట్టుకొచ్చిన కుర్రాడు పటం అడ్డం పెట్టుకుని ముందే అనిపించుకుంటున్నాడు.

దీనికి తోడు బూతు లెక్కలు. కాగితం బ్యాలెట్ల కాలంలో వేర్వేరు బూతుల ఓట్లను కలిపేసి లెక్కపెట్టే వీలుండేది. ఇప్పుడు యంత్రం ఏ బూతుకా బూతు విడిగా చెప్పేస్తుంది. మాలాంటి చిన్న ఊళ్ళో ఒకటో రెండో బూతులు. ఏ వీధి ఎటు వేసిందో కౌంటింగు రోజు మధ్యాహ్నానికే లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత కుళాయి గురించో రోడ్డు గురించో అడగడానికి వెళితే “మీ బూతులో మాకు ఎన్నొచ్చాయో చూశాం” అన్న మాట వినాలి. కొన్ని బూతుల ఓట్లను కలిపి మొత్తం ఒక్కటే చూపించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ 255వ నివేదికలో అది పెట్టాలని సిఫారసు చేసింది. ఇప్పటికీ రాలేదు. పార్టీలకు అవసరం లేదు కాబట్టి రాలేదని నా అభిప్రాయం. మీ పేపరు దాని మీద ఒక సంపాదకీయం రాస్తే బావుంటుంది, మాలాంటి వాళ్ళు ఎన్ని ఉత్తరాలు రాసినా దానికుండే బరువు వేరు.

వచ్చే ఎన్నికల తేదీలు ప్రకటించిన రోజునే ఆ 123వ సెక్షన్ మాటలు, తేలిక తెలుగులో, మొదటి పేజీలో వేయండి. అంతకంటే ముఖ్యంగా ఇంకొకటి. ఓటు కోసం వేయించిన ఒట్టు చెల్లదని, అది తప్పినందుకు అమ్మవారు కోప్పడదని మా ఊరి గుళ్ళో పూజారిగారు మైకులో ఒక్కసారి చెబితే చాలు. చర్చిలో పాస్టరుగారు చెప్పినా అంతే. నేను మా పూజారిగారిని అడిగాను. “రాజకీయాలు మనకెందుకమ్మా” అన్నారు. పటం పట్టుకుని ఇంటింటికీ తిరిగినవాళ్ళను ఆయన ఆ మాట అడగలేదు. మీ విలేఖరులు జిల్లాలో పెద్ద గుళ్ళ అర్చకుల దగ్గరకు వెళ్ళి ఈ ఒక్క ప్రశ్న వేసి, వాళ్ళేమన్నారో పేర్లతో సహా ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
ఎచ్చెర్ల మండలం, శ్రీకాకుళం జిల్లా.